వెయ్యి లీటర్ల రీఫ్‌కు ఆల్క్ ఎలా అందించాలి? సున్నపు తేట, టూ పార్ట్, క్యాల్షియం రియాక్టర్: రివ్యూ

నమస్తే. ముందు ఈ కొమ్మ చివర చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఇది ఆక్రోపోరా, ఉప్పునీటి రీఫ్ అక్వేరియంలో పెంచే ఒక కోరల్, అంటే పగడం. కొన తెల్లగా ఉంది కదా, అది జబ్బు కాదు, పెరుగుదల. ఆ తెలుపు మీద సన్నటి పాలిప్స్, అంటే కోరల్‌లోని బతికున్న చిన్న చిన్న ప్రాణులు, కదులుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఈ రెండో కొమ్మ. ఇక్కడా కొన తెలుపే, కానీ పాలిప్ ఒక్కటీ లేదు. కండ ఊడిపోయి ఎముక బయటపడింది, దాని మీద అప్పుడే నాచు పట్టింది. ఇది కాలిన కొన. నైట్రేట్ దాదాపు సున్నా ఉన్న నీళ్లలో ఆల్క్ ఒక్కసారిగా 8 నుంచి 10.5కి ఎగబాకితే జరిగేది ఇదే. ఆల్క్ అంటే ఆల్కలినిటీ, కోరల్ ఎముక కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్ నీళ్లలో ఎంతుందో చెప్పే కొలత. దాన్ని డీకేహెచ్‌లలో చెబుతాం.

లైట్ల గురించి గంటలు గంటలు వాదించుకుంటాం గానీ, పెద్ద ట్యాంకులో ఎస్‌పీఎస్‌ని (ఆక్రోపోరా లాంటి చిన్న పాలిప్స్ ఉన్న గట్టి కోరల్స్‌ని) తినేసేది చాలాసార్లు ఆల్క్ ఊగిసలాటే. అందుకే ఈరోజు రివ్యూ ఆల్క్, క్యాల్షియం అందించే మూడు పద్ధతుల మీద. ఏది గొప్పది అని కాదు. ఏది ఎంతవరకు లాక్కురాగలదు, చెడితే ఎలా చెడుతుంది, ఈ రెండే చూద్దాం.

లెక్క కోసం ఒక ట్యాంకు పెట్టుకుందాం. అద్దం కొలతల ప్రకారం, సంప్ (ట్యాంకు కింద ఉండే వడపోత తొట్టి) కలిపి 1200 లీటర్లు. రాయి, ఇసుక తీసేస్తే అసలు నీళ్లు 1000 లీటర్లు. డోసింగ్ లెక్కలన్నీ ఈ రెండో అంకె మీదే వేయాలి. మొదటిదాని మీద వేస్తే మొదటి రోజు నుంచే 20 శాతం ఎక్కువ పోస్తున్నట్టు. పెట్టుకోవాల్సిన స్థాయిలు: ఆల్క్ 8 డీకేహెచ్ దగ్గర, క్యాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 పైచిలుకు, ఉప్పు వెయ్యికి 35 వంతులు.

ఏ పరికరం కొనాలన్నా ముందు ఖర్చు తెలియాలి, డబ్బు ఖర్చు కాదు, ట్యాంకు రోజుకు తినే ఆల్క్. డోసింగ్ అంతా ఆపేయండి, నీళ్లు మార్చొద్దు. ఉదయం 9కి ఆల్క్ చూడండి, మర్నాడు మళ్లీ 9కే చూడండి. 8.6 ఉన్నది 7.2కి వస్తే మీ ట్యాంకు రోజుకు 1.4 తింటోంది. క్యాల్షియంతో ఈ పని కాదు. కోరల్స్ రెండింటినీ కలిపే తీసుకుంటాయి. ఆల్క్ 1 డీకేహెచ్ తగ్గితే క్యాల్షియం తగ్గేది 7 పీపీఎం మాత్రమే. 420లో 7 అంటే మామూలు కిట్‌కి కనపడనే కనపడదు. అందుకే ఆల్క్ రోజూ, క్యాల్షియం వారానికోసారి. ఇంకో మాట, మెగ్నీషియం 1200 కంటే కిందికి పోయి ఉంటే ముందు దాన్ని సరిచేయండి. లేకపోతే మీరు పోసే ఆల్క్, క్యాల్షియం కోరల్‌కి అందకముందే హీటర్ మీదా పంపుల్లోనూ గారలా పేరుకుంటాయి.

సరే, మొదటిది. దీన్ని కాల్క్‌వాసర్ అంటుంటారు. జర్మన్ మాట, మన భాషలో అచ్చంగా సున్నపు తేట. క్యాల్షియం హైడ్రాక్సైడ్‌ని ఆర్వో నీళ్లలో కలిపి, అడుగున పిండి దిగనిచ్చి పైన తేరిన నీళ్లు వాడటం. లీటరుకు గ్రామున్నర, కాస్త పైన, అంతే కరుగుతుంది. మీరు ఐదు గ్రాములు వేసినా మిగతాది అడుగునే కూర్చుంటుంది. గోడలకు వేసే సున్నం మాత్రం వద్దు, అందులో ఏం కలిసి ఉందో ఎవరికీ తెలియదు. ఫుడ్ గ్రేడ్ గానీ ల్యాబ్ గ్రేడ్ గానీ తీసుకోండి.

ఈ డబ్బా మూత తీస్తున్నా. పైన మీగడలాంటి పొర కనిపిస్తోందా? వేలితో తాకితే పెళుసుగా విరుగుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలిన చోటల్లా సున్నం కార్బొనేట్‌గా మారిపోతోంది. ఆ పొర కట్టినంత మేరా మీ తేట బలం తగ్గినట్టే. కాబట్టి మూత బిగుతుగా ఉండాలి, ఒకసారి కలిపాక రెండు గంటలు కదపకూడదు, పంపు గొట్టం అడుగుకి నాలుగు వేళ్ల పైన ఆగాలి. తెల్లగా పాలలా ఉన్నది పోస్తే ఆ రేణువులు కోరల్ మీద పడి కాలుస్తాయి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పీహెచ్ 12 దాటి ఉంటుంది.

ఎంత లాగగలదు? నిండు బలం ఉన్న తేట లీటరులో ఆల్క్ సుమారు 114 డీకేహెచ్. ట్యాంకులో రోజుకు 10 లీటర్లు ఆవిరవుతోందనుకోండి. ఆ పదీ తేటతోనే నింపినా వెయ్యి లీటర్లకు పెరిగేది 1.1 డీకేహెచ్. అంతకు మించి పోయలేరు, ఎందుకంటే ఆవిరైనదాని కంటే ఎక్కువ నీళ్లు పోస్తే ఉప్పు పలచబడిపోతుంది. లెదర్, జోయాంథిడ్స్ అనే కోరల్స్, నాలుగు టార్చ్ కోరల్స్ ఉన్న ట్యాంకుకి ఇది చాలు. ఎస్‌పీఎస్ నిండిన ట్యాంకుకి చాలదు.

ఇది చెడే తీరు ఒక్కటే, కానీ భయంకరంగా చెడుతుంది. ఏటీవో (ఆవిరైన నీళ్లని తనంతట తానే నింపే పరికరం) ఫ్లోట్ ఇరుక్కుని 40 లీటర్ల డబ్బా మొత్తం ఒకే రాత్రి సంప్‌లోకి పోతే ఆల్క్ 4.5 పైగా లేస్తుంది, పీహెచ్ ఎక్కడికో పోతుంది, పొద్దున లేచేసరికి నీళ్లు మజ్జిగలా ఉంటాయి. కాబట్టి సున్నపు తేటని ఏటీవోకి కట్టకండి. విడిగా డోసర్ పంపు పెట్టండి: రాత్రి 10 గంటల వ్యవధిలో 8 లీటర్లు, అంటే నిమిషానికి 13 మిల్లీలీటర్లు. డబ్బా కూడా ఒక రాత్రికి సరిపడేదే. మిగిలిన ఆవిరికి ఏటీవో మామూలు ఆర్వో నీళ్లు పోసుకుంటుంది. రాత్రే ఎందుకంటే, లైట్లు ఆరాక పీహెచ్ పడిపోతుంది, తేట దాన్ని పట్టి నిలబెడుతుంది. ఈ గుణం మిగతా రెండు పద్ధతుల్లోనూ ఇంతగా లేదు, అందుకే దీన్ని చివరిదాకా వదలం.

రెండోది టూ పార్ట్. ఒక సీసాలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్), ఇంకోదాంట్లో క్యాల్షియం క్లోరైడ్. కొలతలు రాసుకోండి. లీటరు ఆర్వో నీళ్లకు సోడా యాష్ 100 గ్రాములు. ఇంకో లీటరుకు క్యాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 140 గ్రాములు. ప్యాకెట్ మీద అన్‌హైడ్రస్ అని ఉంటే 105 గ్రాములే, మర్చిపోవద్దు. క్యాల్షియం క్లోరైడ్ నీళ్లలో పడితే వేడెక్కుతుంది, కాబట్టి పొడిని నీళ్లలోకి కొంచెం కొంచెంగా వేయాలి, పొడి మీద నీళ్లు కుమ్మరించకూడదు. ఈ బలంతో ఒక్కోటి 190 మిల్లీలీటర్లు పోస్తే వెయ్యి లీటర్లలో ఆల్క్ 1 డీకేహెచ్, దానికి తగ్గ క్యాల్షియం 7 పీపీఎం పెరుగుతాయి. రోజుకు 2.5 తినే ట్యాంకుకి ఒక్కోటి 470 మిల్లీలీటర్లు. దీన్ని 24 భాగాలు చేయండి: గంట కొట్టగానే ఆల్క్ 20 మిల్లీలీటర్లు, అరగంటకు క్యాల్షియం 20. రెండూ సంప్‌లో వేర్వేరు గదుల్లో, నీళ్లు బాగా పారే చోట పడాలి. ఒకేచోట, ఒకేసారి పడితే అక్కడికక్కడే కలిసి సుద్దలా దిగిపోతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే సులువు. కానీ రెండు తిరకాసులున్నాయి. మొదటిది డోసర్ లోపలి గొట్టం. రోలర్లు నలిపీ నలిపీ దాని సాగుడు పోతుంది, 20 అనుకున్నది 17 పోస్తుంది, ఆల్క్ నెమ్మదిగా జారిపోతుంటే మీరు కోరల్స్ పెరిగాయని సంబరపడతారు. నెలకోసారి కొలపాత్రలో పట్టి చూడండి. గొట్టం కొన నీళ్లకు తగలకూడదు. తగిలితే కొన దగ్గర గార కట్టి మూసుకుపోతుంది, లేదా సైఫన్ అయి సీసా ఖాళీ అవుతుంది. ఐదు లీటర్ల సోడా యాష్ డబ్బా అలా ఖాళీ అయితే 26 డీకేహెచ్. ఆ ట్యాంకు గురించి మాట్లాడుకోనవసరం లేదు. మూడు రోజులకు సరిపడే సీసాయే పెట్టండి.

రెండోది ఉప్పు. ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు. కోరల్ కార్బొనేట్‌నీ క్యాల్షియాన్నీ తీసుకున్నాక మిగిలేది సోడియం, క్లోరైడ్. అంటే మామూలు ఉప్పే. రోజుకు 2.5 లెక్కన నెలకు కిలోన్నర ఉప్పు మీ ట్యాంకులో చేరుతుంది, 35 ఉన్నది 36.5కి పోతుంది. ఏటీవోకి ఇది తెలియదు, అది నీటిమట్టమే చూస్తుంది. కాబట్టి వారం వారం రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు కొలిచి చూసి, మార్చే నీళ్లలో ఆ మేరకు ఉప్పు తగ్గించాలి.

మూడోది క్యాల్షియం రియాక్టర్. నిలువు గొట్టంలో ఆరగొనైట్ ముక్కలు, అందులోకి కార్బన్ డయాక్సైడ్ బుడగలు. పీహెచ్ 6.5 దగ్గరికి దిగితే ఆ ముక్కలు కరిగి ఆల్క్, క్యాల్షియం రెండూ కోరల్‌కి కావలసిన పాళ్లలోనే బయటికొస్తాయి. ఉప్పు గొడవ లేదు. పైగా కరిగేది పాత పగడపు ఎముకే కాబట్టి స్ట్రాన్షియం లాంటివి కూడా కొంత వస్తాయి. మన 2.5 డీకేహెచ్ ఖర్చుకి నెలకు కరిగేది సుమారు 1.3 కిలోల ముక్కలు.

సెట్టింగ్ దగ్గరే అందరూ తికమకపడతారు. నీటి ధార, గ్యాస్, ఈ రెండు మీటలూ ఒకేసారి తిప్పకండి. నీటి ధారని ఒకే వేగంలో ఉంచండి, పీహెచ్ మాత్రమే మార్చండి. లెక్క ఇలా: బయటికొచ్చే నీళ్లలో ఆల్క్ 35, ట్యాంకులో 8, అంటే లీటరుకు నికరంగా 27. వెయ్యి లీటర్లకు 2.5 కావాలి, అంటే 2500ని 27తో భాగిస్తే రోజుకు 93 లీటర్లు, నిమిషానికి 64 మిల్లీలీటర్లు. పీహెచ్ 6.6 దగ్గర మొదలుపెట్టి ఒక రోజు ఆగండి. బయటి నీళ్లు ఒక వంతు, ఆర్వో మూడు వంతులు కలిపి టెస్ట్ చేసి నాలుగుతో గుణించండి. తక్కువుంటే పీహెచ్ 0.05 దించండి, మళ్లీ ఒక రోజు ఆగండి. 6.3 కంటే దిగితే ముక్కలు బురదలా మెత్తబడి గొట్టాలకు అడ్డం పడతాయి.

నీటి ధారకి పెరిస్టాల్టిక్ పంపే (డోసర్‌లాగా గొట్టాన్ని రోలర్లతో నలిపి నీళ్లు తోసేది) పెట్టండి. చిన్న వాల్వ్ తిప్పి బొట్లు లెక్కపెట్టే పద్ధతి రెండు రోజుల్లో మూసుకుపోతుంది. దాన్ని ఇంకా ఎందుకు అమ్ముతున్నారో అర్థం కాదు. రెగ్యులేటర్ డబుల్ స్టేజ్ అయి ఉండాలి. సింగిల్ స్టేజ్‌తో సిలిండర్ అయిపోయే ముందు ప్రెషర్ పెరిగి మిగిలిన గ్యాస్ అంతా ఒక్కసారిగా వచ్చేస్తుంది. సోలెనాయిడ్ (గ్యాస్‌ని తెరిచి మూసే కరెంటు వాల్వ్) తెరుచుకునే ఉండిపోయినా అంతే: చేపలు పైకొచ్చి గబగబా మొప్పలాడిస్తాయి. దీనికి మందు, ట్యాంకులో ఇంకో పీహెచ్ ప్రోబ్. 7.8 దాటి దిగితే సోలెనాయిడ్‌కి కరెంటు కట్ అయ్యేలా కంట్రోలర్‌లో పెట్టండి. నెలకోసారి రియాక్టర్ ప్రోబ్‌ని 7, 4 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు), ట్యాంకు ప్రోబ్‌ని 7, 10 బఫర్లలో సరిచూడండి. రియాక్టర్ తప్పుల్లో సగం నిజానికి ప్రోబ్ తప్పులు.

నా తీర్పు. రోజు ఖర్చు 1 లోపుంటే సున్నపు తేట ఒక్కటే, ఇంకేమీ కొనకండి. 1 నుంచి 2 మధ్య టూ పార్ట్, దానికి తోడు రాత్రి తేట. 2 దాటితే రియాక్టర్, దాంతోపాటు తప్పనిసరిగా రాత్రి తేట, ఎందుకంటే రియాక్టర్ నుంచి మిగులు కార్బన్ డయాక్సైడ్ వచ్చి పీహెచ్‌ని కిందికి లాగుతూనే ఉంటుంది.

టూ పార్ట్ నుంచి రియాక్టర్‌కి మారేటప్పుడు మాత్రం ఒకే రోజు మార్చేయకండి. డోసర్‌ని పావు వంతు తగ్గించి, రియాక్టర్ ధారని పావు వంతు పెంచి, మూడు రోజులు ఆల్క్ చూడండి. 0.3 లోపు కదిలితేనే తర్వాతి పావు.