ఇంజిన్ దించకుండా మానిఫోల్డ్ మార్చడం: అసలు తిప్పలన్నీ స్టడ్లతోనే

హోస్ట్: అన్నా, పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మని చప్పుడు. పది నిమిషాలు తిరిగాక ఆగిపోతోంది. ఆగింది కదా అని వదిలేయొచ్చా?

మెకానిక్: వదిలేస్తే పెద్దదవుతుంది తమ్ముడూ. ఇంజిన్ నుంచి వచ్చే పొగని పోగుచేసి సైలెన్సర్ పైపులోకి పంపే భాగమే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, చాలా కార్లలో అది పోత ఇనుముది. ఇంజిన్ మీద లోడు పడితే దాంట్లోంచి పోయే పొగ వేడి 600 డిగ్రీలు దాటిపోతుంది. కాగడం, చల్లారడం, మళ్లీ కాగడం. ఏళ్లపాటు ఇదే వరస. చివరికి ఎక్కడో సన్నగా పగులుతుంది, లేదా ఇంజిన్‌కీ దానికీ మధ్య పొగ కారకుండా పెట్టే పల్చటి పొర, గ్యాస్కెట్, పోతుంది. ఆ సందులోంచి పొగ తన్నుకొచ్చే చప్పుడే నీ టిక్ టిక్. వేడెక్కాక ఇనుము వ్యాకోచించి ఆ సందు మూసుకుంటుంది. నీకేమో చప్పుడు తగ్గినట్టు అనిపిస్తుంది.

హోస్ట్: మార్చాలంటే ఇంజిన్ దించాల్సిందేనా? ఆ మాట వింటేనే నాకు టెన్షన్.

మెకానిక్: చాలా కార్లలో అక్కర్లేదు. చుట్టూ ఉన్నవి తీస్తే చోటు అదే దొరుకుతుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, హీట్ షీల్డ్ (వేడి తగలకుండా అడ్డుపెట్టే రేకు), పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ తీసెయ్. కొన్నిట్లో ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ కవర్ తీస్తే పక్క నుంచి చెయ్యి దూరుతుంది. ఇంకా ఇరుకుగా ఉంటే, సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే గిన్నె) కింద చెక్క పెట్టి జాకీతో ఇంజిన్ బరువు ఆపుకుని, ఇంజిన్‌ని పట్టి ఉంచే ఒక మౌంటింగ్ విప్పి కాస్త వంచుతారు. హోసులు, వైర్లు లాగేయకుండా చూసుకోవాలి. కిందికి దూరేటప్పుడు మాత్రం కారు స్టాండ్ల మీదే ఉండాలి, జాకీని నమ్మకు.

హోస్ట్: పోయినసారి నట్టు రాకపోతే రాడ్డుకి పైపు తగిలించి లాగాను. టక్‌మంది.

మెకానిక్: (నవ్వు) ఆ టక్ విన్నాక ఎవరైనా దేవుణ్ణి తలుచుకోవాల్సిందే! స్టడ్డు విరిగిన చప్పుడది. స్టడ్లంటే ఇంజిన్‌లోకి బిగించి ఉండే మరల కడ్డీలు, మానిఫోల్డ్ నట్లు వాటి మీదే బిగుస్తాయి. ఈ పనిలో సగం టైమ్ ఆ స్టడ్లదే. ముందు రోజు రాత్రే, ఇంజిన్ చల్లారాక, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలెయ్. తెల్లారి మళ్లీ కొట్టు. ఆరు మూలల సాకెట్ వాడు, పన్నెండు మూలలది నట్టు అంచులు తినేస్తుంది. కాస్త వదులు చెయ్, బిగుసుకుంటే వెనక్కి తిప్పు, మళ్లీ వదులు చెయ్.

హోస్ట్: అయినా విరిగితే?

మెకానిక్: కొంచెం బయటికి ఉంటే దాని మీద నట్టు వెల్డింగ్ చేయించు. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది, చాలాసార్లు తిరిగి వచ్చేస్తుంది. లోపలికి విరిగితే సరిగ్గా మధ్యలో డ్రిల్ చెయ్యాలి. స్టడ్లు దిగే హెడ్ (ఇంజిన్ పైభాగం) అల్యూమినియందైతే డ్రిల్ పక్కకి జారిందా, మరలు పోయినట్టే. విరిగిన ముక్కని బయటికి తిప్పే పనిముట్టు, ఎక్స్‌ట్రాక్టర్, లోపల విరగ్గొట్టుకున్నావంటే ఇంకా పెద్ద తలనొప్పి, అది మామూలు డ్రిల్‌కి లొంగదు. చేతిలో నమ్మకం లేకపోతే అక్కడ ఆగిపో, తెలిసినవాణ్ణి పిలువు.

హోస్ట్: కొత్తది బిగించడంలో జాగ్రత్తలు?

మెకానిక్: పాత గ్యాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు హెడ్‌లో పొగ బయటికొచ్చే పోర్టుల్లో (రంధ్రాల్లో) గుడ్డ కుక్కు, ముక్క లోపల పడకూడదు. తర్వాత గుడ్డ తీయడం మర్చిపోకు, మర్చిపోయినవాళ్లున్నారు! కొత్త గ్యాస్కెట్, కొత్త నట్లు. చేత్తోనే అన్నీ మొదలుపెట్టి, నడిమధ్య నుంచి అంచులకి, రెండు మూడు విడతల్లో ఎంత బిగుతో చూపించే టార్క్ రెంచితో బిగించు. ఎంత బిగించాలో ఆ కారు మాన్యువల్‌లో ఉన్న అంకె చూడు. చెయ్యి అలవాటుని నమ్ముకోకు.

హోస్ట్: స్టార్ట్ చేయగానే పొగ వస్తే కంగారుపడాలా?

మెకానిక్: కొట్టిన ఆయిల్ కాలి కొద్దిసేపు పొగ, వాసన వస్తాయి. తలుపులు మూసిన షెడ్డులో మాత్రం స్టార్ట్ చెయ్యకు. ఆ గ్యాస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు.

హోస్ట్: టిక్ పోయిందో లేదో అప్పుడే తెలిసిపోతుందిగా?

మెకానిక్: ఎలా తెలుస్తుంది? వేడి మీద పగిలినది కూడా మౌనంగానే ఉంటుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే స్టార్ట్ చేసి విను.

హోస్ట్: అంటే ఆ రాత్రి నాకు నిద్ర లేనట్టే.