నున్నటి నేలకు నేత అందం

శ్రోతలందరికీ నమస్కారం. ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఇటీవల కట్టిన ఇళ్లలో చాలావరకు నేల అద్దంలా మెరుస్తోంది. నల్లని రాతిలో బంగారు చుక్కలు తళుక్కుమనే చీమకుర్తి గెలాక్సీ గ్రానైటో, తెల్లని విట్రిఫైడ్ టైల్సో పరచిన ఆ గదులు తుడుచుకోవడానికి సులువుగా, వేసవిలో చల్లగా ఉంటాయి. అయితే అంత నునుపులో చూపు నిలవదు. పైగా సామాను తక్కువగా ఉన్న హాల్లో మాట్లాడిన మాట నేలకూ గోడలకూ తగిలి తిరిగి వినిపిస్తుంది. ఈ రెండు లోట్లనూ నేల మీద పరచిన ఒక మంచి నేత చాలావరకు తీరుస్తుంది.

తివాచీ అనగానే చాలామంది దుకాణంలో ఒత్తైన బొచ్చు ఉన్నదానినే ఎంచుకుంటారు. మన తీర ప్రాంతానికి అది అంతగా నప్పదని నా అభిప్రాయం. కాళ్లకు అంటి వచ్చే సన్నని ఇసుక బొచ్చు మొదట్లోకి దిగి, పైన అడుగు పడిన ప్రతిసారీ పోగులను ఒరుసుకుంటుంది. గాలిలోని తేమకు ముక్క వాసన కూడా పడుతుంది. పెళ్లిళ్లకూ భజనలకూ మన పెద్దలు పరిచిన నూలు జంపఖానాకు ఈ చిక్కులు తక్కువ. నిలువు పోగులైన పడుగు కనబడకుండా అడ్డు పోగులైన పేకను దట్టంగా కొట్టి నేసే ఆ బట్టలో ముడులూ బొచ్చూ ఉండవు. రెండు వైపులా ఒకే నమూనా ఉంటుంది కాబట్టి ఒక వైపు మాసినప్పుడు తిరగేసి పరచుకోవచ్చు. తమిళనాడులోని భవానీ జంపఖానాల వెడల్పాటి రంగు చారలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ డర్రీల, అంటే అక్కడి జంపఖానాల, నమూనాలు ఇందుకు చక్కగా సరిపోతాయి. ఊలుతో ముడి ముడిగా నేసే ఏలూరు తివాచీ పనితనం వేరు. దానిని నడక తక్కువగా ఉండే పడకగదిలో వేసుకుంటే పదికాలాలు మన్నుతుంది. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి: చేతి ముడుల తివాచీకి వెనుక కూడా నమూనా కనిపిస్తుంది, జిగురుతో గుడ్డ అతికించి ఉంటే అది ముడుల పని కాదు.

చుక్కల గ్రానైట్ మీద మళ్లీ చిక్కని పూల నమూనా వేస్తే కంటికి గజిబిజిగా తోస్తుంది. అక్కడ గోధుమ రంగులోనో ఆవపిండి పసుపులోనో సాదా నేత చాలు. తెల్లని టైల్స్ మీద ఎరుపు, నీలం చారలు గదికి ప్రాణం పోస్తాయి. పాత ఇళ్ల నాపరాళ్ల మీదైతే తుంగచాప పరచి, దాని మీద పాత నూలు చీరలతో కుట్టిన బొంత వేసినా ఆ వరుస కుట్ల గరుకుదనమే ఒక అందం. కొలత విషయంలో పిసినారితనం పనికిరాదు. సోఫా ముందు కాళ్లయినా పరచిన నేత మీద ఉండాలి. గది నడుమ ఒంటరిగా పడి ఉన్న చిన్న ముక్క వల్ల గదే ఇరుకుగా కనిపిస్తుంది.

మెరుగు పెట్టిన రాయి మీద నూలు నేత జారుతుంది. వృద్ధులున్న ఇంట్లో కింద జారకుండా పట్టి ఉంచే రబ్బరు జాలీ తప్పక వేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానల్లో ఎండ కాసిన రోజున ఎత్తి, వెనుక వైపు ఎండ తగిలేలా ఆరవేయండి. మొదటిసారి ఉతికే ముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూలను రుద్ది చూడండి. రంగు అంటితే నీళ్లలో నానబెట్టకండి.