మంచం మీద కూర్చోకండి: యూదుల పరామర్శ పద్ధతులు

[తెరపై: ఆస్పత్రి గది. మంచం పక్కన స్టూలు. బల్ల మీద బత్తాయిల కవరు, హార్లిక్స్ సీసా.]

మా నాన్నకి గుండె ఆపరేషన్ అయిన నాలుగో రోజు. మా పెద్దత్తయ్య తలుపు తోసుకుని వచ్చి సరాసరి మంచం మీద, ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "అయ్యో తమ్ముడూ, సగానికి సగం అయిపోయావురా" అంది. ఆ తర్వాత వరసపెట్టి ప్రశ్నలు. ఎప్పుడు తెలిసింది, ఏ డాక్టరు, ఎంతయింది, ఇన్సూరెన్స్ ఉందా? ఆ మీదట, వాళ్ల వీధిలో ఇదే ఆపరేషన్ చేయించుకుని పది రోజులకే పోయినాయన కథ ఎత్తుకుంది. నాన్న కళ్లు మూసుకున్నాడు. నిద్రొచ్చి కాదు.

అత్తయ్యకి ప్రేమ లేదని నేననను. రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. రోగి గదిలో ఎలా ఉండాలో ఆవిడకి ఎవరూ నేర్పలేదు. మనలో ఎవరికి నేర్పారు గనక?

నేర్పినవాళ్లు ఉన్నారండి. ఏ వేళకి వెళ్లాలి, ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి, ఎప్పుడు లేచి రావాలి. యూదులు ఇదంతా దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటే వాదించుకుని మరీ రాసిపెట్టుకున్నారు.

[తెరపై: పెద్ద అక్షరాలతో "బికూర్ ఖోలిం"]

బికూర్ ఖోలిం. హీబ్రూ మాట. రోగుల్ని చూడబోవడం అని అర్థం. మన పరామర్శ లాంటిదే. కాకపోతే మనకది మర్యాద, వాళ్లకది విధి. మిత్స్వా అంటారు. వీలైతే చేద్దాంలే అనుకునే రకం కాదు.

ఆదికాండంలో ఒక ఘట్టం ఉంది, బైబిలు చదివినవాళ్లకి తెలుసు. మమ్రే సింధూరవనంలో, ఎండ వేళ, యూదుల మూలపురుషుడు అబ్రాహాము గుడారం గుమ్మంలో కూర్చుని ఉంటే దేవుడు కనబడతాడు. ఎందుకొచ్చినట్టు? రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, ముందు అధ్యాయం వైపు చూపిస్తారు. అక్కడ అబ్రాహాముకి సున్నతి అయింది, తొంభై తొమ్మిదేళ్ల వయసులో. ఇది మూడో రోజు, నొప్పి ముదిరే రోజు. ఇంకేముంది, పలకరించడానికొచ్చాడు అన్నారు. దేవుడంతటివాడు వెళ్లాక మనిషి నాకు తీరిక లేదంటే కుదరదు.

ఇక నియమాలు. తల్ముద్ అని, తరతరాల రబ్బీల వాదోపవాదాలన్నీ పోగుపడిన మహా గ్రంథం. బాబిలోను తల్ముద్ క్రీస్తు శకం 500 తర్వాత ఒక కొలిక్కి వచ్చింది. అందులో మొక్కుబళ్ల గురించిన భాగం పేరు నెదారిం. మొక్కుల మధ్యలో రోగుల మాట ఎందుకొచ్చిందని అడక్కండి, తల్ముద్ నడకే అంత. ఒక మాటలోంచి ఇంకో మాటలోకి, అచ్చం మన అరుగు మీద కబుర్లలాగే.

అక్కడ చెప్పేదేమిటంటే, పగటి మొదటి మూడు గంటల్లో రోగి దగ్గరికి వెళ్లకు. అప్పుడు కాస్త తేరుకుని కనిపిస్తాడు, బాగానే ఉన్నాడులే అని ప్రార్థన మానేస్తావు. చివరి మూడు గంటల్లోనూ వెళ్లకు. అప్పుడు నీరసం ముంచుకొస్తుంది, ఇక లాభం లేదని నువ్వే ఆశ వదిలేసుకుంటావు. చూశారా, ఈ రెంటిలోనూ కాపు కాస్తున్నది వచ్చినవాడి మనసుకి.

తర్వాతిది మా అత్తయ్య వినాల్సింది: మంచం మీద కూర్చోకు. రోగి తల దగ్గర షెఖీనా, అంటే దైవసన్నిధి, ఉంటుందని నమ్మకం. నేల మీద పడుకున్న రోగి దగ్గర కుర్చీ కూడా పనికిరాదు, అతనికంటే ఎత్తున ఉండకూడదు. దైవసన్నిధి సంగతి పక్కన పెట్టినా, మంచాన పడి చుట్టూ నిలబడ్డవాళ్ల గడ్డాల కేసి చూస్తూ గడిపిన ఎవరికైనా ఈ నియమం విలువ తెలుస్తుంది.

వెయ్యేళ్ల తర్వాత యోసెఫ్ కారో అనే పండితుడు ఈ చట్టాలన్నీ ఒకచోట చేర్చాడు. 1565లో వెనిస్‌లో అచ్చయింది. పేరు శుల్ఖాన్ ఆరూఖ్. మాటకి మాట అర్థం సిద్ధం చేసిన భోజనబల్ల, మన లెక్కలో వడ్డించిన విస్తరి. అందులో పరామర్శకి ఒక అధ్యాయమే ఉంది. దగ్గరి చుట్టాలూ స్నేహితులూ వెంటనే వెళ్లొచ్చు, మిగతావాళ్లు మూడు రోజులు ఆగాలి. కడుపు జబ్బు ఉన్నవాళ్ల గదిలోకి వెళ్లకూడదు, సిగ్గుపడతారు గనక. కంటిజబ్బు, తలనొప్పి ఉన్నవాళ్ల దగ్గరికీ వద్దు, మాట్లాడటమే వాళ్లకి కష్టం. అలాగని ఇంటికి తిరిగి వచ్చెయ్యమనలేదు. బయటి గదిలో నిలబడి అడగమంది: చిమ్మి పెట్టాలా, నీళ్లు చల్లాలా, ఇంకేమైనా కావాలా అని.

చిమ్మడం అనే మాట ఉత్తినే రాలేదు.

[తెరపై: మట్టి నేల, మూలన చీపురు.]

రబ్బీ అకివా శిష్యుల్లో ఒకడికి జబ్బు చేసింది. పండితులెవరూ చూడటానికి రాలేదు. అకివా వెళ్లాడు. ఆయన వచ్చాడు గనక ఆ గది చిమ్మారు, దుమ్ము లేవకుండా మట్టినేల మీద నీళ్లు చిలకరించారు. కుర్రాడు కోలుకున్నాడు. "గురువుగారూ, నన్ను బతికించారు" అన్నాడు. అకివా బయటికొచ్చి అందరికీ చెప్పాడు: రోగిని చూడబోనివాడు రక్తం చిందించినవాడితో సమానమని.

మంత్రం వేశాడనో మహిమ చూపించాడనో కథలో ఎక్కడా లేదు. చీపురు, కాసిని నీళ్లు. నాకు ఈ కథలో నచ్చేది అదే.

మరో లెక్క చెబుతాను. పరామర్శకి వెళ్లినవాడు జబ్బులో అరవయ్యో వంతు తీసుకుపోతాడట. వెంటనే తల్ముద్‌లోనే ఒకరు అడ్డం తగిలారు: అయితే అరవై మందిని పంపిస్తే సరి, లేచి నిలబడతాడుగా? కాదు, ప్రతివాడూ తీసుకెళ్లేది మిగిలినదాంట్లో అరవయ్యో వంతు అని జవాబు. నేను కాలిక్యులేటర్ తీసి వేసి చూశాను. అరవై మంది వచ్చి వెళ్లాక కూడా రూపాయిలో ముప్ఫై ఆరు పైసల బాధ అలాగే మిగులుతుంది. ఎంతమంది వచ్చినా సున్నాకి రాదు. నేనొచ్చానుగా, ఇక లేచి కూర్చో అనే అధికారం ఎవరికీ లేదన్నమాట.

ఇలాంటిదే ఇంకో కథ. రబ్బీ యోహానాన్ ఒక జబ్బుమనిషి దగ్గరికి వెళ్లి, "ఈ బాధలు నీకు ఇష్టమేనా?" అని అడుగుతాడు. బాధల వల్ల పరలోకంలో ఫలం దక్కుతుందని ఆ కాలపు నమ్మకం. రోగి అంటాడు: "అవీ వద్దు, వాటి ఫలమూ వద్దు." యోహానాన్ ఉపదేశం ఏమీ చెయ్యడు. "చెయ్యి ఇలా ఇవ్వు" అంటాడు. చెయ్యి పట్టి లేపుతాడు. తర్వాత యోహానానే మంచాన పడితే ఇంకొకరు వచ్చి చెయ్యి అందుకోవాల్సి వచ్చింది. అందర్నీ లేపినవాడు తనని తాను లేపుకోలేడా? దానికి తల్ముద్ జవాబు: ఖైదీ తనని తాను చెర నుంచి విడిపించుకోలేడు.

ఈ యోహానాన్ పదిమంది కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి అని అక్కడే ఉంది. అంత పోగొట్టుకున్నవాడు కర్మఫలం గురించి లెక్చరివ్వలేదు చూడండి.

[తెరపై: మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న మనిషి ఆస్పత్రి వరండాలో నడుస్తూ.]

ఇప్పుడిది ఉద్యోగం కూడా అయింది. రోగుల్నీ సైనికుల్నీ పలకరించే మతాచార్యుణ్ని అమెరికా ఆస్పత్రుల్లో, సైన్యంలో చాప్లిన్ అంటారు. మొదట్లో అక్కడ యూదులకి ఆ తలుపు మూసే ఉంది. అంతర్యుద్ధం మొదలైనప్పుడు, 1861 చట్టం ప్రకారం, సైన్యంలో చాప్లిన్ కావాలంటే క్రైస్తవ మతాచార్యుడై ఉండాలి. యూదులు పట్టుబట్టారు. 1862 జులైలో చట్టం మారింది, సెప్టెంబరులో లింకన్ నియామకం ఇచ్చాడు. ఫిలడెల్ఫియాకి చెందిన జేకబ్ ఫ్రాంకెల్, గాయపడ్డ సైనికుల ఆస్పత్రులకి. ఈ రోజుల్లో పూర్తి అర్హత రావాలంటే సుమారు 1,600 గంటల శిక్షణ కావాలి. అందులో ఎక్కువ భాగం వార్డుల్లోనే, రోగుల పక్కనే. నేర్చుకునేది ముఖ్యంగా వినడం. ఏ మతంవాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా సరే.

ఇజ్రాయెల్‌లో ఈ పనిని లివుయ్ రూహాని అంటారు. రూహాని అంటే ఆత్మకి సంబంధించినది, లివుయ్ అంటే తోడు నడవడం. అదే ధాతువులోంచి శవయాత్రకి వాడే లెవయా అనే మాట కూడా వచ్చింది. మన సాగనంపడం ఇంచుమించు ఈ రెండు చోట్లా అతుకుతుంది. చుట్టాన్ని బస్టాండు దాకా సాగనంపుతాం, పోయినవాళ్లనీ సాగనంపుతాం.

జీతం లేని చేతుల లెక్క వేరే. 1976లో జెరూసలేంలో ఉరి లుపోలియాన్‌స్కీ అనే టీచరు, జబ్బుపడిన పిల్లాడికి ఆవిరి పట్టే యంత్రం కావాల్సొచ్చి పొరుగింట్లో అరువడిగాడు. ఇది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అవసరమయ్యేదే కదా అని, తనే కొన్ని కొని ఇరుగుపొరుగుకి అరువివ్వడం మొదలుపెట్టాడు. అలా పుట్టింది యాద్ సారా. చక్రాల కుర్చీలు, చేతికర్రలు, ఆక్సిజన్ యంత్రాలు. డిపాజిట్ కట్టి తీసుకెళ్లి, పని అయ్యాక తిరిగిచ్చి డబ్బు తీసుకోవడమే. నడిపేది వేలమంది వాలంటీర్లు, వాళ్లలో చాలామంది రిటైరైనవాళ్లు. 1994లో ఆ సంస్థకి ఇజ్రాయెల్ ప్రైజ్ వచ్చింది, ఆయన తర్వాత జెరూసలేం మేయరు కూడా అయ్యాడు. సారా ఆయన నాయనమ్మ, నాజీల మారణకాండలో చనిపోయింది. హీబ్రూలో యాద్ అంటే జ్ఞాపకచిహ్నం అనీ అర్థం, చెయ్యి అనీ అర్థం. చెయ్యి ఇలా ఇవ్వు అన్నాడే యోహానాన్, ఆ చెయ్యే.

తెలంగాణ జిల్లాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇజ్రాయెల్ వెళ్లి అక్కడి ముసలివాళ్లకి కేర్‌గివర్లుగా చేస్తున్న మనవాళ్లు ఉన్నారు. పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టుకుని ఎండలోకి తోసుకెళ్లేది వాళ్లే. ఆ కుర్చీ వెనక యాద్ సారా ముద్ర చూసే ఉంటారు.

న్యూయార్క్‌లో ఇంకో పద్ధతి. పెద్ద ఆస్పత్రుల్లో బికూర్ ఖోలిం గది అని ఒకటి ఉంటుంది. ఫ్రిజ్ నిండా కోషర్ భోజనం, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండినది, మైక్రోవేవ్, వేడి కాఫీ, కునుకు తీయడానికి ఒక కుర్చీ. డబ్బులు కట్టే కౌంటరు లేదు. శుక్రవారం సాయంత్రం సబ్బాతు దీపాలకి కరెంటు కొవ్వొత్తులు, ఎందుకంటే వార్డులో నిజమైన మంట వెలిగించనివ్వరు. బ్రూక్లిన్‌లోని హసిడిక్ అనే సంప్రదాయ యూదు శాఖ ఆడవాళ్లు వండి పంపే డబ్బాలు చాలా ఏళ్లుగా ఆ గదులకి చేరుతున్నాయి. గది రోగి కోసం కాదు, రోగి పక్కన మూడు రోజులుగా స్నానం లేకుండా ఉన్న కూతురి కోసం.

[తెరపై: తక్కువ ఎత్తు బల్ల మీద కూర్చున్న మనిషి. గుడ్డ కప్పిన అద్దం.]

పోయాక ఏంటి? ఏడు రోజులు షివా, అంటే ఇంట్లో కూర్చుని సంతాపం పాటించడం. చావింట్లో మొదటి భోజనం ఇరుగుపొరుగు తేవాలి, ఆ ఇంటి తిండి తినకూడదు. మనకీ కొత్త కాదు, పొయ్యి వెలగని ఇంటికి పక్కింటి నుంచి అన్నం క్యారేజీ వస్తుంది. కానీ తల్ముద్ ఇంకో సంగతి చెబుతుంది. ఒకప్పుడు ఉన్నవాళ్లు ఆ తిండిని వెండి, బంగారు బుట్టల్లో తెచ్చేవాళ్లట, లేనివాళ్లు తొక్క తీసిన బెత్తాల బుట్టల్లో. లేనివాళ్లు సిగ్గుపడుతున్నారని, ఇకమీదట అందరూ బెత్తాల బుట్టల్లోనే తేవాలని శాసించారు. బుట్ట దగ్గర కూడా మనిషి పరువు పోతుందని పట్టుకున్నారంటే, పక్కనుండి చూసినవాళ్లే పట్టుకోగలరు అది.

షివా ఇంట్లోకి వెళ్లినవాడు ముందుగా మాట్లాడకూడదు. దుఃఖంలో ఉన్నవాడు నోరు విప్పేదాకా ఆగాలి. దీనికి ఆధారం బైబిల్లో, అన్నీ పోగొట్టుకున్న యోబు కథ చెప్పే యోబు గ్రంథం. యోబు స్నేహితులు ఏడు రాత్రులు, ఏడు పగళ్లు నేల మీద అతని పక్కన కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్లు తర్వాత నోరు తెరిచాకే పాడుచేశారని నా అభిప్రాయం. నీ పాపమే నీకు తగిలిందని వాదనకి దిగారు.

చెప్పడానికి ఏమీ తోచకపోతే? వెళ్లేటప్పుడు అనాల్సిన ఒక వాక్యం తయారుగా ఉంది: "సీయోను, యెరూషలేముల కోసం దుఃఖించే అందరితో పాటు ఆ స్థలం మిమ్మల్ని ఓదార్చుగాక." స్థలం అంటే దేవుడు, ఆయనకున్న పేర్లలో అదొకటి. మన బుర్ర నుంచి ఏమీ కల్పించక్కర్లేదు. ధైర్యంగా ఉండండి, అంతా మన మంచికే లాంటివి నోట్లోంచి జారే ప్రమాదమే లేదు.

మరి ఎప్పుడు లేవాలి? చాయ్ తాగాకా, టైము చూసుకున్నాకా? అదీ రాసి ఉంది. దుఃఖంలో ఉన్నవాడు తల ఒక్కసారి ఊపితే చాలు, ఇక వెళ్లొచ్చని. ఆ పైన ఒక్క క్షణం కూడా అక్కడ కూర్చునే హక్కు లేదు.

[తెరపై: తల మెల్లగా వంగుతుంది. కుర్చీలు జరిగిన చప్పుడు. తలుపు.]