కోటాసారస్ తల ఏమైంది?

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్లినవాళ్లు కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు ఒక ఫొటో అయినా దిగకుండా రారు. ఈసారి వెళ్తే దాని తల వైపు కాస్త ఆగి చూడండి. ఆ తల తవ్వకాల్లో దొరికింది కాదు, తయారుచేసి పెట్టింది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు 840 ఎముకలు బయటికి తీశారు. కనీసం 12 జంతువులవి. అన్ని ఎముకల్లో తలకు సంబంధించి దొరికినవి రెండంటే రెండు పళ్లు!

ఇది ఇక్కడి ఒక్కదాని సంగతే కాదు. ప్రాణహిత అవతల, మహారాష్ట్రలోని సిరొంచ వైపు పోచంపల్లి దగ్గర దొరికిన బారాపాసారస్‌దీ ఇదే కథ. దాదాపు 300 ఎముకలు దొరికాయి, పుర్రె మాత్రం లేదు. ఈ పొడుగు మెడ డైనోసార్లకు ఒళ్లు ఎంత భారీగా ఉన్నా తల చిన్నది. పుర్రె ఎముకలు పల్చన, మెడతో అతుకు బలహీనం. చచ్చిపోయి కండ కుళ్లగానే తల ముందు ఊడిపోతుంది. వరద నీళ్లు దాన్ని ఎటు తీసుకుపోతాయో, ఎక్కడ నలిపేస్తాయో. తొడ ఎముకల్లాంటి బరువైనవి మిగులుతాయి.

అంటే సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటే ప్రకృతి సగం పోగొట్టేసింది. మిగిలిన సగాన్ని మన చేతులతో పోగొట్టకూడదు. తవ్వకం పనంతా ఈ ఒక్క భయం చుట్టూనే తిరుగుతుంది.

యామన్‌పల్లిలో ఆ ఎముకలు సుమారు 2,400 చదరపు మీటర్ల మేర చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఏ ఎముక ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది, ఏ పొరలో ఉంది అన్నది రాసుకుని పటం గీయకుండా పైకి తీస్తే, నీళ్లు ఎటు పారాయో, ఏ కాలు ఏ జంతువుదో ఇక ఎప్పటికీ తెలియదు. అందుకే నాకు ఎముక కన్నా ఆ పటమే ముఖ్యం అనిపిస్తుంది. పొలంలో ఎముకలాంటి రాయి కనబడితే దయచేసి పెకలించి ఇంటికి తేకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, జియలాజికల్ సర్వే వాళ్లకు చెప్పండి.

ఇక పైకి తీయడం. ముందు ఎముక చుట్టూ రాయిని తొలిచి, అది ఒక దిమ్మ మీద నిలబడేలా చేస్తారు. పైన తడి కాగితం పరుస్తారు, లేకపోతే ప్లాస్టర్ నేరుగా ఎముకకే పట్టేస్తుంది. ఆ పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచిన గోనెపట్టా పీలికలు చుడతారు. కాలు విరిగితే వేసే సిమెంట్ కట్టు లాంటిదే. అది గట్టిపడ్డాక దిమ్మ అడుగు కోసి, తిరగేసి, రెండోవైపు కూడా కట్టేస్తారు. అన్నిటికన్నా గుండె దడ పుట్టించేది ఈ తిరగేసే క్షణమే. బారాపాసారస్ తొడ ఎముక సుమారు 1.7 మీటర్ల పొడవు. అలాంటిది రాయితో సహా ఎంత బరువుంటుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి చెప్పాలి. 1876లో అమెరికాలోని మోంటానాలో శిలాజాలు వెతికే కోప్, స్టెర్న్‌బర్గ్ బృందం ఈ కట్టును అన్నంతో వేసింది! బియ్యాన్ని గంజి ముద్దయ్యేదాకా ఉడికించి, అందులో గుడ్డసంచులు ముంచి ఎముకలకు చుట్టారు. ప్లాస్టర్ వాడకం ఆ తర్వాత స్థిరపడింది.

ల్యాబ్‌కి వచ్చాక అసలు ఓపిక మొదలవుతుంది. కట్టు ఒకవైపు తెరిచి, గాలి ఒత్తిడితో అదిరే సూది పెన్నుతో, మైక్రోస్కోప్ కింద చూస్తూ రాయిని రేణువు రేణువుగా ఊడగొడతారు. సూది ఎముకకు తగలకూడదు, దాని పక్కన రాయి తనంతట తాను పెట్లిపోవాలి. పగుళ్లు కనబడితే ఎసిటోన్‌లో కరిగించిన పారాలాయిడ్ బి-72 అనే జిగురు పట్టిస్తారు. రేపు ఎవరైనా మళ్లీ ఎసిటోన్ తగిలిస్తే అది కరిగిపోతుంది, కాబట్టి మనం తప్పుగా అతికించినా వాళ్లు దిద్దుకోవచ్చు. ఆ ఆలోచన నాకెంతో నచ్చుతుంది. సున్నపురాయిలో ఉన్న శిలాజమైతే పల్చటి ఎసిటిక్ ఆమ్లంలో నానబెడతారు. రాయి కరుగుతుంది, ఎముక ఉంటుంది. తేలిన ఎముకకు జిగురు పూత వేసి, చాలాసేపు నీళ్లలో ఉంచి ఆమ్లం పోగొట్టి, ఆరబెట్టి, మళ్లీ ముంచుతారు.

చివరికి మిగిలిన మట్టిని కూడా పారేయరు. నీళ్లలో నానబెట్టి సన్నటి జల్లెడ పడతారు, జల్లెడలో ఆగినదాన్ని మైక్రోస్కోప్ కింద గింజ గింజగా ఏరతారు. కోటాసారస్ దొరికిన రాతి పొరల్లో, అంటే కోట ఫార్మేషన్‌లోనే డైనోసార్ల కాళ్ల కింద తిరిగిన బుల్లి క్షీరదం ఒకటి ఉండేదని మనకు తెలిసింది ఒక చిన్న పంటి వల్లే. కోటాథీరియం దాని పేరు, 1981లో పెట్టారు.