థర్మల్ పేస్టు ఎంత రాయాలి?

(దృశ్యం: బల్ల మీద రెండు నల్ల గ్రానైటు పలకలు)

నమస్కారం. ఇవి చీమకుర్తి గెలాక్సీ రాళ్లు. ముఖం చూసుకోవచ్చు, అంత నున్నగా పాలిష్ పట్టారు. ఇప్పుడు ఒకదాని మీద ఇంకొకటి బోర్లిస్తున్నాను. మధ్యలో ఏమీ లేదనిపిస్తుంది కదా? ఉంది, గాలి ఉంది. ఎంత నునుపైన రాతిలోనైనా కంటికి అందని మిట్టపల్లాలు ఉంటాయి. మిట్టలు మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి, పల్లాల నిండా గాలే.

(దృశ్యం: ప్రాసెసర్, పక్కనే హీట్‌సింక్ అడుగు భాగం)

ప్రాసెసర్ పైమూతకూ, దాని వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు దిమ్మ హీట్‌సింక్‌కూ మధ్య జరిగేది ఇదే. వేడిని అటు నుంచి ఇటు చేరవేసే గుణాన్ని అంకెల్లో చెబితే రాగికి సుమారు 400, గాలికి 0.026. ఈ రెంటి మధ్య రాసే మామూలు థర్మల్ పేస్టులకు 4 నుంచి 10 దాకా ఉంటుంది. ఈ అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పేస్టు గాలికన్నా వందల రెట్లు మేలు, రాగి ముందు మాత్రం చాలా తక్కువ. అంటే గాలి ఉన్న పల్లాలను నింపడమే దాని పని. లోహాన్ని లోహం తాకే చోట అడ్డుపడకూడదు. నేల మీద బండలు పరిచేటప్పుడు మేస్త్రీలు కింద మాలు మందంగా వేస్తారు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

(దృశ్యం: తెరిచిన పాత కంప్యూటర్)

ఇది ఒక పాలిషింగ్ యూనిట్ ఆఫీసుది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కాగానే దానంతట అదే ఆగిపోయేది. రెక్కల నిండా రాతిపొడి, లోపల పేస్టు పాత సున్నంలా పెచ్చులు కట్టింది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి తగ్గకపోతే ఆగిపోతాయి.

హీట్‌సింక్‌ను ఒక్కసారిగా పైకి లాగవద్దు. ఏఎమ్4 సాకెట్లలో, అంటే ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లు కూర్చునే ఒక రకం గూళ్లలో, ప్రాసెసర్ కూడా దానికి అతుక్కుని ఊడి రావచ్చు, పిన్నులు వంగవచ్చు. పది నిమిషాలు కంప్యూటర్ నడిపి, పేస్టు మెత్తబడ్డాక ఆపి, కరెంటు వైరు తీసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాని గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో గీకవద్దు.

(దృశ్యం: ప్రాసెసర్ మధ్యలో చుక్క)

కొలత చూడండి. శనగగింజకు తక్కువ, కందిగింజకు కాస్త ఎక్కువ. పొడవాటి ప్రాసెసర్ అయితే చిన్న గీత గీయండి. వేలితో పూయనవసరం లేదు, ఒత్తిడే పరుస్తుంది. కొత్త హీట్‌సింక్ అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే తప్పక తీసేయండి. నిటారుగా దించి, ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించండి. ఎలా పరుచుకుందో చూద్దామని మళ్లీ ఎత్తితే గాలి దూరుతుంది. ఎత్తారంటే తుడిచి మళ్లీ మొదలుపెట్టవలసిందే. ఫ్యాను వైరు తగిలించడం మరవవద్దు.

(దృశ్యం: తెర మీద ఉష్ణోగ్రత)

బెంగళూరులో ఉన్న మిత్రుడి అంకెతో మీ అంకెను పోల్చి దిగులుపడకండి. ఒంగోలులో గది 42 డిగ్రీలుంటే ఏ హీట్‌సింక్ అయినా అంతకన్నా చల్లబరచలేదు. ఈరోజు గది వేడి, ప్రాసెసర్ వేడి, తేదీ ఒక చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. వచ్చే మే నెలలో పోల్చి చూడవలసింది దానితోనే.