అన్నిటికన్నా నిశ్శబ్దమైన మ్యూటే అన్నిటికన్నా చెడ్డ మ్యూట్!

నమస్కారం. ఈ వీడియో కొందరికి కోపం తెప్పిస్తుంది, తెప్పించనివ్వండి. మ్యూట్ అంటే ట్రంపెట్ వెడల్పాటి మూతిలో, అంటే బెల్‌లో, బిగించి చప్పుడు తగ్గించే సాధనం. ఇంట్లో ట్రంపెట్ సాధన చేసుకోవడానికి అన్నిటికన్నా తక్కువ చప్పుడు చేసే ప్రాక్టీస్ మ్యూట్ ఏది అని అడిగేవాళ్లందరికీ నా జవాబు ఒక్కటే. అది ఏదైనా సరే, దాన్ని మాత్రం కొనకండి. అన్నిటికన్నా నిశ్శబ్దమైన మ్యూటే అన్నిటికన్నా చెడ్డ మ్యూట్!

పోయిన వీడియోలో ఈ మాట పైపైన అని వదిలేస్తే కామెంట్లలో రెండు జట్లు తయారయ్యాయి. మ్యూట్ పెట్టి ఊదితే పెదవి పాడైపోతుంది, అసలు ముట్టుకోవద్దని ఒక జట్టు. ఎదురు తగిలేకొద్దీ ఊపిరికి బలం వస్తుంది, ఇంకా మంచిదే కదా అని రెండో జట్టు. తిట్టుకోవడానికి ఓపిక ఉంది గానీ, ఇంతకీ మీరు మాట్లాడేది ఏ మ్యూట్ గురించి అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు!

ఇదిగో, కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, చూడండి. ఇది మామూలు స్ట్రెయిట్ మ్యూట్. మెడ దగ్గర మూడు కార్కు ముక్కలున్నాయి, వాటి మధ్య సందులున్నాయి. గాలి ఆ సందుల్లోంచి హాయిగా వెళ్లిపోతుంది. ఇప్పుడు ఈ రెండోది చూడండి, ఇది ప్రాక్టీస్ మ్యూట్. దీనికి కార్కు చుట్టూ పట్టీలా ఉంది, ఎక్కడా సందు లేదు. ఊదిన గాలంతా ఇదిగో, ఈ చిన్న రంధ్రంలోంచే బయటపడాలి. రంధ్రాన్ని సన్నం చేసేకొద్దీ చప్పుడు తగ్గుతుంది. చప్పుడు తగ్గేకొద్దీ గాలి మీ నోటి మీదికే తిరగబడుతుంది. ఆ నిశ్శబ్దానికి ఖరీదు కట్టేది మీ గొంతే.

గాలి తిరగబడితే మొదట గొంతు బిగుస్తుంది. ఆ తర్వాత భుజాలు పైకి లేస్తాయి. దాంతో పెదవుల మీద మౌత్‌పీస్‌ను ఇంకాస్త నొక్కుతారు. నెలల తరబడి రోజూ ఇలాగే ఊదిన మనిషి ఒకనాడు మ్యూట్ తీసి వేదిక ఎక్కుతాడు. అక్కడ ఎదురు ఉండదు. అలవాటైన బలంతోనే ఊదుతాడు, మొదటి స్వరమే పగులుతుంది. ఊపిరికి బలం వస్తుందన్న జట్టువారూ, ఇదేనా ఆ బలం?

ఇక శ్రుతి. మ్యూట్ పెట్టగానే శ్రుతి సాధారణంగా కొంచెం పైకి పోతుంది. ట్యూనింగ్ స్లయిడు, అంటే శ్రుతి సరిచేసే జారుడు గొట్టం, కాస్త బయటికి లాగితే సరిపోతుందని అందరూ చెబుతారు. స్లయిడు లాగితే స్వరాలన్నీ కలిసికట్టుగా దిగుతాయి, నిజమే. కానీ మ్యూట్ చేసే చెరుపు అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. మ్యూట్ లోపల బంధించిన గాలికి సొంత అనునాదం, అంటే అది తనంతట మోగే శ్రుతి, ఒకటి ఉంటుంది. అది ట్రంపెట్ కింది స్థాయికి దగ్గరగా చేరితే అక్కడి స్వరాలు వణుకుతాయి, జారిపోతాయి. మధ్యలో ఉన్న జి అనే స్వరం మాత్రం చక్కగా పలుకుతుంది. దుకాణంలో అందరూ ఊది చూసేది ఆ జి ఒక్కటే!

కాబట్టి కొనేముందు ఇలా చేయండి. మొదట మ్యూట్ లేకుండా, స్వరలిపి గీతల కిందున్న సి స్వరం నుంచి ఒక్కొక్క మెట్టు దిగుతూ, మూడు వాల్వులూ నొక్కి పలికే ఎఫ్ షార్ప్ దాకా మెల్లగా ఊదండి. శ్రుతి చూపించే ట్యూనర్ ముల్లు ఎటు పోతుందో గుర్తుపెట్టుకోండి. ఆ ఎఫ్ షార్ప్ వట్టి ట్రంపెట్‌లోనే కాస్త పైకి ఉంటుంది, ఆ నింద మ్యూట్ మీద వేయకండి. తర్వాత మ్యూట్ పెట్టి అదే మళ్లీ ఊదండి. కింది స్వరాలు పిలవగానే పలికితే అది మంచి మ్యూట్. బతిమాలితే తప్ప రాకపోతే పెట్టెలో పెట్టి వెనక్కి ఇచ్చేయండి, దాని మీద చప్పుడు కొలతగా ఎన్ని డెసిబెల్స్ అని రాసి ఉన్నా సరే. చెప్పులు చప్పుడు చేయవని కొంటామా, కాలికి పట్టాయని కొంటామా?

ఇక్కడే నా సిద్ధాంతం చెబుతాను, నవ్వుకోండి. డెసిబెల్ అనేది అంకె. అంకెను అట్టపెట్టె మీద అచ్చు వేయవచ్చు. ఊపిరి ఆడుతుందా లేదా అన్నది అచ్చు వేయలేరు. అందుకే పోటీ అంతా చప్పుడు చుట్టూ తిరుగుతోంది. చప్పుడు 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి సుమారు సగమైనట్టు వినిపిస్తుంది. రెండు మ్యూట్‌ల మధ్య తేడా రెండు మూడు డెసిబెల్సే అయితే గోడ అవతలి మనిషికి అది తెలియడమే కష్టం. కిటికీ రెక్క మూస్తే అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. బట్టలతో నిండిన బీరువా తలుపు తెరిచి అందులోకి ఊదినా తారస్థాయి పదును చాలావరకు చీరల్లోనే ఇంకిపోతుంది. అమ్మగారి అనుమతి మీరే తెచ్చుకోవాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం మన దేశంలో నివాస ప్రాంతాలకు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. సరే, పాటించాల్సిందే. అయినా పక్కింటాయన తలుపు తట్టేది డెసిబెల్స్ లెక్కపెట్టి కాదు. నాలుగు స్వరాల వరసనే గంటసేపు తిప్పి తిప్పి ఊదుతూ, ప్రతిసారీ అదే చోట తప్పుతున్నందుకు! పాట మార్చి చూడండి, ఫిర్యాదు ఆగకపోతే నన్నడగండి.

ఒక్క నిమిషం, నాదస్వరానికి కూడా ఇలాంటిది చేయవచ్చు కదా అని ఒకాయన రాశారు. చేయలేమండీ. నాదస్వరంలో, క్లారినెట్‌లో, శాక్సోఫోన్‌లో నాదం చాలావరకు పక్క రంధ్రాల్లోంచే బయటికి వస్తుంది. కింద ఎంత గుడ్డ కుక్కినా అట్టడుగు స్వరాలు తప్ప మిగతావి లెక్కచేయవు. ట్రంపెట్‌కు ఉన్న ద్వారం ఒక్కటే, బెల్. ఆ ఒక్కటీ మూస్తే పని జరుగుతుంది. ఈ అదృష్టం ఇత్తడి వాద్యాలదే, సన్నాయి మేళం వాళ్లకు పొలం గట్టే గతి.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెబుతున్నాను. యమహా వాళ్లు 1995లో సైలెంట్ బ్రాస్ తెచ్చారు. మ్యూట్ లోపలే మైకు ఉంటుంది, మీ వాద్యం మీకే ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది. గొప్ప ఆలోచన, కాదనను. కానీ అది పెద్ద హాలులో ఊదినట్టు గుంయ్‌మని వినిపించి మీ లోపాలన్నీ కప్పేస్తుంది. ఆ హాలు ధ్వని తగ్గించి వాడండి. జపాన్ వారి బెస్ట్ బ్రాస్ వార్మప్ మ్యూట్ బెల్ లోపలికి ఒదిగిపోతుంది, ప్రయాణాలకు బాగుంటుంది. న్యూజిలాండ్‌కు చెందిన ట్రెవర్ బ్రెమ్నర్ రూపొందించిన ష్‌మ్యూట్ తేలికపాటి ప్లాస్టిక్‌ది. నా ఊపిరికి అన్నిటికన్నా హాయిగా ఉన్నది అదే, నా ఓటు దానికే. అంతకన్నా నిశ్శబ్దమైనవి ఉన్నాయని కింద రాస్తారు. రాయండి. ఇంతసేపూ నేను చెప్పింది అదే కదా!

పెట్టేటప్పుడు బెల్ లోపలికి ఒకసారి 'హా' అని వేడి ఊపిరి వదలండి. ఆ తడికి కార్కు పట్టుకుంటుంది. మ్యూట్ పెట్టి కొద్దిగా తిప్పండి. ఇది చేయకుండా పెడితే అది జారి నేల మీద పడుతుంది, సొట్ట ఖాయం. ఊదడం అయ్యాక తలకిందులు చేసి లోపలి నీరు విదిలించండి. లేదంటే వారం తిరిగేసరికి ఆ వాసన మీరే భరించలేరు.

చివరిగా డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు. మీ పిల్లలు బడి బ్యాండులో చేరి ట్రంపెట్ ఇంటికి తెస్తారు. మొదటి వారమే మీరు అపార్ట్‌మెంట్‌కు భయపడి, దొరికినవాటిలో బాగా గాలి బిగబట్టే మ్యూట్ కొని బిగిస్తారు. దయచేసి వద్దు. ఊపిరి వదలడమే ఇంకా రాని పిల్లవాడికి మొదటి పాఠంగా ఎదురుగాలి నేర్పుతున్నారు. సాయంత్రం కాసేపు కిటికీలు మూసి మామూలుగా ఊదనివ్వండి. మ్యూట్ రాత్రికి ఉంచుకోండి.

మీ దగ్గరున్న మ్యూట్‌తో సి నుంచి ఎఫ్ షార్ప్ దాకా దిగి, ట్యూనర్ ముల్లు కనిపించేలా చిత్రీకరించి పంపండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ వినిపిస్తాను. వట్టి బ్రాండు పేరు రాసి నన్ను తిట్టేవాళ్లకు మాత్రం జవాబివ్వను.