బొడ్డు చుట్టూ నొప్పంటే బాక్టీరియానేనా?

యాంకర్: తొమ్మిదేళ్ల బాబు వాళ్లమ్మ మనతో ఉన్నారు. చెప్పండమ్మా.

తల్లి: బడి టైమయ్యేసరికి బొడ్డు చుట్టూ వేలు తిప్పి నొప్పంటాడండి. రెండిడ్లీలకే కడుపు నిండిందని ప్లేటు నెట్టేస్తాడు. పుల్లటి త్రేన్పులు. వాము నీళ్లు పట్టాం, తగ్గలేదు. ల్యాబ్‌లో రక్తపరీక్ష చేయిస్తే హెచ్ పైలోరీ అట, కడుపులో ఉండే బాక్టీరియా, అది పాజిటివ్ అన్నారు.

గ్యాస్ట్రో డాక్టర్: ఆ కాగితం పక్కన పెట్టేయండమ్మా. అది యాంటీబాడీల పరీక్ష, అంటే క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యేవాటిని చూస్తుంది. ఎప్పుడో సోకి పోయినా పాజిటివ్ రావచ్చు.

పిల్లల డాక్టర్: మలపరీక్ష చేయిస్తే సరిపోదా సార్? ప్రతి పిల్లాడికీ నోట్లోంచి కడుపులోకి కెమెరా గొట్టం వేయలేం కదా.

గ్యాస్ట్రో డాక్టర్: మలపరీక్ష క్రిమి ఉందని చెబుతుంది, నొప్పి దానివల్లేనని చెప్పదు. మన దగ్గర చాలామందికి చిన్నప్పుడే సోకుతుంది, ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. పుండు ఉందని అనుమానమొస్తేనే ఆ గొట్టంతో ఎండోస్కోపీ చేసి, కడుపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూస్తాం.

యాంకర్: కడుపులో అంత ఆమ్లం ఉంటుంది కదా, ఈ క్రిమి ఎలా బతుకుతుందండీ?

గ్యాస్ట్రో డాక్టర్: యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేసుకుంటుంది. తన చుట్టూ ఉన్న ఆమ్లం ఘాటు చచ్చిపోతుంది. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టర్ 1984లో ఈ క్రిముల్ని తానే తాగి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. వాళ్లు పట్టుకున్నది పుళ్ల గుట్టు. పిల్లల కడుపునొప్పులన్నీ దాని ఖాతాలో రాసేస్తే ఎలా?

తల్లి: మా అత్తగారు ముద్ద నమిలి పెట్టేవారండి, దానివల్లేమో అని...

పిల్లల డాక్టర్: అదీ ఒక దారే. ఇంట్లోవాళ్ల నుంచే ఎక్కువగా సోకుతుంది. పెద్దావిడను మాత్రం ఏమీ అనకండి.

యాంకర్: మరి భయపడాల్సింది ఎప్పుడు?

పిల్లల డాక్టర్: నిద్రలోంచి లేపే నొప్పి, నెత్తురు వాంతి, బరువు తగ్గడం, ఐరన్ ఇచ్చినా రక్తం పట్టకపోవడం, తారులాంటి నల్లటి విరేచనం. ఐరన్ సిరప్ తాగినా మలం నల్లబడుతుంది, అది వేరే సంగతి.

గ్యాస్ట్రో డాక్టర్: మందులు మొదలెడితే మామూలుగా 14 రోజులు, మూడు నాలుగు రకాలు కలిపి. నాలుగో రోజు నొప్పి తగ్గిందని ఆపేస్తే క్రిమి మొండికేస్తుంది. కోర్సయ్యాక కనీసం నాలుగు వారాలాగి పోయిందో లేదో చూడాలి.

పిల్లల డాక్టర్: అమ్మా, ఆదివారం కూడా నొప్పంటాడా?

తల్లి: ఆదివారమా... నాలుగు గారెలు తింటాడండి.

పిల్లల డాక్టర్: రోజూ దొడ్డికి వెళ్తాడా?

తల్లి: మూడ్రోజులకోసారి. బడిలో బాత్రూమ్ బాగోదని బిగబట్టుకుంటాడు.

పిల్లల డాక్టర్: ముందు ఆ మలబద్ధకం సంగతి చూద్దాం.